రెండో పేజీ

గుణదల, విజయవాడ
12 జూలై 1978

బాబాయి గారికి,

ఇంట్లో అందరూ బాగున్నారు. నాకు మాత్రం మూడు రోజులుగా ఒళ్ళు మండిపోతోంది. ముందు ఆ సంగతి రాసి, అమ్మ రాయమన్నవి తర్వాత రాస్తాను.

మీ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు తీసిన నాలుగు చిన్న సినిమాలు మీరు మద్రాసు నుంచి రైల్వే పార్సెల్లో మా ఫిల్మ్ క్లబ్బుకి పంపారు కదా. మొన్న ఆదివారం గవర్నరుపేటలో వేశారు. అరవై మంది వచ్చారు. ఆడవాళ్ళం ఇద్దరం. రెండో ఆవిడ సగంలో వెళ్ళిపోయింది. నాన్నగారు ఎప్పటిలాగే బయట సైకిల్ స్టాండు దగ్గర పేపరు చదువుకుంటూ కూర్చున్నారు.

ఆట అయ్యాక సెక్రటరీ రామకోటేశ్వరరావు గారు అభిప్రాయాలు చెప్పమన్నారు. లేచి నిలబడి మాట్లాడటం నా వల్ల కాదని మీకు తెలుసు. కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన దాన్ని పైకి చదివారు. "ఫొటోగ్రఫీ బాగుంది. నటన సహజంగా ఉంది. మంచి సందేశం ఉంది." వెనక వరసలోంచి ఎవరో, "ఏమండీ, ఇది విమర్శా, కాండక్టు సర్టిఫికెట్టా?" అన్నారు. హాలంతా నవ్వింది. సెక్రటరీ గారు కూడా.

కాన్వెంటు లైబ్రరీలో రెండు వేల పుస్తకాలకు నేను కార్డులు రాశాను. ఒక్కో పుస్తకంలో ఏముందో మూడు లైన్లలో చెప్పగలను. పది నిమిషాల సినిమా గురించి చెప్పలేనా? ఎలా చూడాలో నేర్పండి. సినిమాలు కోయడం పిల్లలకు నేర్పే పంతులు ఇంట్లోనే ఉండగా నేను నలుగురిలో నవ్వులపాలు కావడం ఏమిటి?

అమ్మ రాయమన్నది: పిన్నికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

మార్త


మద్రాసు
20 జూలై 1978

మార్తమ్మా,

నీ ఉత్తరం మీ పిన్ని తెరేసమ్మ గట్టిగా చదివి, "ఇది నా పోలికే" అంది. కోపం వచ్చిన ప్రతివాళ్ళూ తన పోలికే అంటుంది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఇక్కడి నీళ్ళది తప్పంటుంది, తనది కాదట.

ఆ వెనక వరస వాడు అన్నదాంట్లో తప్పేం లేదమ్మా. నువ్వు రాసిన మూడు మాటలూ ఏ సినిమాకైనా అతుకుతాయి. ఇక్కడ మొదటి ఏడు పిల్లలకు చెప్పేదే నీకూ చెబుతాను. మూడు కాగితాలు తీసుకో. మొదటి పేజీలో చూసింది మాత్రమే రాయి. రెండో పేజీలో విన్నది మాత్రమే రాయి. నీ మాట మూడో పేజీలో. మొదటి రెండూ నిండకుండా మూడోదాన్ని ముట్టుకోకూడదు.

"ఆమె బాధపడింది" అని మొదటి పేజీలో రాస్తే కొట్టేస్తాను. బాధ కంటికి కనపడదు. "గ్లాసు కడిగింది, కడిగిన గ్లాసే మళ్ళీ కడిగింది" అని రాస్తే మార్కులు వేస్తాను. వెలుతురు ఎటునుంచి వస్తోందో చూడు. నీడ ఎటు పడిందో చూడు. నీడలు అబద్ధం చెప్పవు. మా వాళ్ళు సాయంత్రం తీసి పొద్దున అని చెబితే నేను నీడతోనే పట్టుకుంటాను.

వచ్చే పార్సెల్లో మన వైపు సినిమా ఒకటి వస్తుంది. తిరుపతిరావు అని నా విద్యార్థి, గుడివాడ దగ్గరవాడు. ఉప్పెన వచ్చిన రెండు నెలలకు, జనవరిలో, దివిసీమ వెళ్ళి గుల్లపాలెం అనే ఊళ్ళో తీశాడు. పదకొండు నిమిషాలు. పరీక్షకు ఇచ్చిన సినిమా. ఈ ఏటి మొత్తంలో అదే మంచిదని నా లెక్క. ఎడిటింగ్ నా దగ్గరే జరిగింది. నా సంతకం లేకుండా ఈ గది గుమ్మం ఏ రీలూ దాటదు. చూసి రాయి. సర్టిఫికెట్లు వద్దు.

నీ బాబాయి,
జక్కయ్య


గుణదల
14 ఆగస్టు 1978

బాబాయి గారికి,

నిన్న మీ తిరుపతిరావు సినిమా చూశాను. మీరు చెప్పినట్టే మూడు కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. రెండోసారి వేయించమని సెక్రటరీ గారికి చీటీ పంపాను. రెండుసార్లు చూశాను.

మొదటి పేజీ. ఊరి బయట పొడుగాటి మట్టిదిబ్బ. శవాలన్నిటినీ కలిపి పూడ్చిన చోటు. దాని మీద ఒక కొయ్య సిలువ. నలభై ఏళ్ళ మనిషి, పేరు దానమ్మ అని అక్షరాల్లో వేశారు, దిబ్బ పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఎనిమిది షాట్లు. కెమెరా ఉన్న చోటునుంచి కదల్లేదు. మొదటి షాట్‌లో సిలువ నీడ ఎడమకు పొడుగ్గా ఉంది. మూడో దాంట్లో కురచగా ఉంది. అయిదో దాంట్లో కుడికి తిరిగింది. ఎనిమిదో దాంట్లో కుడివైపు పొడుగ్గా సాగి దానమ్మ కాళ్ళ మీద పడింది. ఏడు షాట్లలో ఆవిడ పెదవులు కదులుతున్నాయి, ఏదో ప్రార్థన కాబోలు. ఎనిమిదో దాంట్లో పెదవులు మూసే ఉన్నాయి. అలిసిపోయింది.

రెండో పేజీ. ఫిడేలు.

మూడో పేజీ. బాబాయి, వాళ్ళు ఆ మనిషిని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏడిపించారు. అయినవాళ్ళను పోగొట్టుకున్న మనిషిని ఎండలో కూర్చోబెట్టి, ఇంకోసారమ్మా, ఇంకోసారమ్మా అని ఏడిపించి, అందంగా వచ్చిన ఏడుపులు ఎనిమిది ఏరుకున్నారు. దాన్ని సినిమా అంటున్నారు. మీరు మంచిదంటున్నారు. నీడలు అబద్ధం చెప్పవని మీరే రాశారు. ఇవి చెప్పిన నిజం ఇది. దీన్ని తీసినవాడికి సినిమా తీసే హక్కు లేదు.

ఈ మాటలే రాసి ఇచ్చాను. సెక్రటరీ గారు చదివారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరస వాళ్ళు నా వైపు తిరిగి చూశారు. సైక్లోస్టయిల్ తీసి అందరికీ పంచుతామన్నారు, మీ ప్రిన్సిపాలుకి కూడా ఒక ప్రతి పంపుతామన్నారు. పంపమన్నాను.

మీకు కోపం వస్తే రానివ్వండి.

మార్త


మద్రాసు
25 ఆగస్టు 1978

మార్తకు,

కోపం వచ్చింది.

నీ కాగితం స్టాఫ్ రూములో పైకి చదివారు. ప్రిన్సిపాలు తిరుపతిరావు సర్టిఫికెట్ ఆపారు. విచారణ అన్నారు. వాడి తండ్రి వెంకటప్పయ్య గారు పొలం పనులు వదిలి రైలెక్కి వచ్చి, నా గది బయట బెంచీ మీద కూర్చుని, "మా వాడు ఆడమనిషిని బాధపెట్టాడా అండీ?" అని అడిగారు. ఆయనకు ఏం చెప్పను? మా అన్నయ్య కూతురు నీడలు లెక్కపెట్టి కనిపెట్టింది అని చెప్పనా?

తిరుపతిరావు "ఆవిణ్ణే అడగండి" అంటాడు, అంతే. నీకు హక్కులూ అవీ బాగానే తెలిశాయి. దానమ్మను అడిగావా? గుల్లపాలెం మద్రాసుకు దూరం, విజయవాడకు కాదు. కాగితం వెనక్కి తీసుకో. క్రైస్తవుల ఏడుపు చూపించాడని నీకు కోపమేమో అని ఇక్కడ ఒకాయన అన్నాడు. నేను కాదన్నాను. గట్టిగా అనలేకపోయాను.

మీ పిన్ని నీ పోలిక గురించి ఈమధ్య ఏమీ అనడం లేదు.

జక్కయ్య


గుణదల
11 సెప్టెంబరు 1978

బాబాయి గారికి,

వెళ్ళాను. అడిగాను.

కాన్వెంటులో సిస్టర్ దగ్గర సెలవు తీసుకుని, నాన్నగారితో కలిసి అవనిగడ్డ బస్సెక్కాను. అక్కడినుంచి ఇంకో బస్సు, ఆ తర్వాత నడక. కరకట్ట ఎక్కగానే దూరంగా దిబ్బ కనిపించింది. నాన్నగారు, "నువ్వెళ్ళి రామ్మా, నేనిక్కడ కూర్చుంటాను" అని కట్ట మీదే ఆగిపోయారు. ఈసారి పేపరు కూడా తెచ్చుకోలేదు.

దానమ్మ కొత్తగా వేసిన రేకుల పాకలో ఉంటోంది. నేను ఉపోద్ఘాతం లేకుండా, "సినిమా వాళ్ళు మిమ్మల్ని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏడిపించారట కదా" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నన్ను ఒకళ్ళు ఏడిపించాలా అమ్మా?" అంది.

తర్వాత ఆవిడే చెప్పింది. ఆవిడ మాటలు అలాగే రాస్తున్నాను, మీరు నేర్పినట్టు.

"ఆ అబ్బాయి రెండుసార్లు తీసి, అయిపోయిందమ్మా, ఇక లోపలికెళ్ళు అన్నాడు. నేనే వెళ్ళలా. ఆత్మల పండక్కి మా పేటలో ఒక పద్ధతుందిలే. ఏ ఇంట్లో చచ్చిపోయినోళ్ళని ఆ ఇంటోళ్ళు పిలవరు. పక్కింటోళ్ళు పేరు పిలుస్తారు, ఇంటోళ్ళు ఆమేన్ అంటారు. పిలిచేవాళ్ళు లేకుండా పోవటమంటే అదే అసలు చావు, మా అమ్మ అనేది. ఇప్పుడు ఆ దిబ్బలో నలభై మంది దాకా ఉన్నారు. పిలిచేవాళ్ళు లేరు, ఆమేన్ అనేవాళ్ళూ లేరు. మిగిలినోళ్ళు తలా ఒక దిక్కుకి పనికిపోయారు. ఈ అబ్బాయి దగ్గర పేరు పట్టుకునే మిషనుంది గదా అని, ఒక్కో ఇంటినే తీసుకుని పిలిచా. అయ్యేసరికి పొద్దు వాలింది. పాపం, ఆడు నా నెత్తిన గొడుగు పట్టాడు. నువ్వు చూళ్ళేదా?"

గొడుగు సినిమాలో లేదు అన్నాను.

"హనుమయ్యనీ పిలిచా. ఆయన మనోడు కాదు, పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెట్టేవాడు. ఆయనక్కూడా ఆమేన్ అన్నా. ఇష్టం లేకపోతే పైన కనపడ్డప్పుడు తిడతాడులే. రావమ్మని పిలిచా, ఆవిడకీ నాకూ మాటల్లేవు. అయినా పిలిచా. అన్నీ మిషన్లో ఉన్నయ్యంట. ఈ ఏడు ఆత్మల పండక్కి తెచ్చి దిబ్బ దగ్గర వినిపిస్తానన్నాడు. తెస్తాడా అమ్మా?"

ఒక్కటే అడిగాను. చివర్లో పెదవులు మూసుకుని ఎందుకు కూర్చున్నారు అని. ఆవిడ మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళింది.

తప్పు చేశాను. తిరుపతిరావు గారి గురించి రాసిన ప్రతి మాటా తప్పు. క్లబ్బుకీ మీ ప్రిన్సిపాలుకీ వేరువేరుగా రాశాను, వెంకటప్పయ్య గారికి కూడా రాశాను. మొన్న క్లబ్బులో ఆ కాగితం చదివినప్పుడు వెనక వరస వాళ్ళు మళ్ళీ నవ్వారు. నవ్వనివ్వండి.

కానీ నా కోపం తగ్గలేదు బాబాయి. మొదటి పేజీలో ఏడుసార్లు పెదవులు కదిలాయి. రెండో పేజీలో ఒక్క మాట కూడా లేదు. అది చూసి నేను ఆగాల్సింది. ప్రార్థన కాబోలు అని సర్దుకున్నాను. అది నా తప్పు. మనుషుల పేర్లు తీసేసి వాటి చోట ఫిడేలు పెట్టింది ఎవరి తప్పు? గొడుగు తీసేసింది ఎవరు? మీ సంతకం లేకుండా ఏ రీలూ గుమ్మం దాటదని రాసింది మీరే.

ఆ టేపు ఎక్కడుంది? నవంబరు రెండున, ఆత్మల పండగ రోజున, అది గుల్లపాలెంలో ఉండాలి.

మార్త


మద్రాసు
27 సెప్టెంబరు 1978

అమ్మా మార్తా,

నేనే.

మూడుసార్లు వేరే విధంగా మొదలుపెట్టి చింపేశాను. మీ పిన్ని చెత్తబుట్టలోంచి తీసి చదివి, "ఉన్నది రాయండి" అంది.

తిరుపతిరావు పేర్లన్నీ ఉంచి కోసుకొచ్చాడు. పాతిక నిమిషాలు. ఒక పేరు, ఒక ఆమేన్, ఒక పేరు, ఒక ఆమేన్. పరీక్షకు వచ్చేవాళ్ళకు తెలుగు రాదు. ఈ జాబితా ఎవరు వింటారు, విసుగు పుడుతుంది అన్నాను. పదకొండు నిమిషాలకు దించమన్నాను. గొడుగు ఉంటే నిజంగా జరిగినట్టు కాక తీసినట్టు ఉంటుందని ఆ ముక్కలు తీయించాను. ఫిడేలు నా స్నేహితుడు వాయించాడు. తిరుపతిరావు రెండు రోజులు నాతో పోట్లాడాడు. సర్టిఫికెట్ కావాలా, పేర్లు కావాలా అని అడిగాను. ఆ మాట నాకు గుర్తుంది. విచారణలో వాడు ఆ మాట బయటపెట్టలేదు. ఎవరి మీదా చెప్పలేదు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

నిన్న ప్రిన్సిపాలు దగ్గరకు వెళ్ళి ఉన్నది చెప్పాను. వాడి సర్టిఫికెట్ ఇచ్చేశారు.

ఇక టేపు సంగతి. పరీక్షలయ్యాక వాడిన టేపులు చెరిపేసి కొత్త బ్యాచికి ఇస్తాం. జూన్‌లో ఇచ్చేశాం. చెరపమన్న కాగితం మీద సంతకం నాది. మొన్న స్టోరులో ప్రతి డబ్బా తీసి విన్నాను. గుల్లపాలెం అని రాసున్న డబ్బాలో ఎవరో కుర్రవాడు వన్, టూ, త్రీ అని లెక్కపెడుతున్నాడు.

ఇంతే. నన్ను ఏమనాలో అను.

జక్కయ్య


(కార్డు)
గుణదల
5 అక్టోబరు

బాబాయి గారికి,

పరీక్షకు వచ్చేవాళ్ళకు తెలుగు రాదని రాశారు. పేరుకు తెలుగేమిటి? పేరు పిలిస్తే ఏ భాషవాడైనా తల తిప్పుతాడు. విసుగు పుడుతుందన్నారు. ఆవిడకు పుట్టలేదే, పొద్దుటినుంచి సాయంత్రం దాకా. దానమ్మకు టేపు లేదని ఎవరు చెప్పాలి? నేను చెప్పను. మీరు వచ్చి చెప్పండి. ఇంతకన్నా రాస్తే కార్డు చాలదు, పోస్టుమాన్ కూడా చదువుతాడు. చదవనివ్వండి.

మార్త


మద్రాసు
16 అక్టోబరు 1978

మార్తమ్మా,

నీ కార్డు చూపించాను, తిరుపతిరావుకు. వాడు చదివి, "సార్, మీరు తిట్టనంటే ఒకటి చెబుతాను" అన్నాడు. తిట్టే అర్హత పోయిందిరా, చెప్పు అన్నాను.

చెరపడానికి ఇమ్మన్నప్పుడు ఆ డబ్బాలో వాడు వేరే టేపు పెట్టి ఇచ్చాడట. అసలుది వాడి ట్రంకు పెట్టెలో, దుప్పట్ల కింద, "ఇంగ్లీషు పాఠాలు" అన్న చీటీ అంటించి ఉంది. నేను వెతుకుతున్న రోజున కూడా భయపడి చెప్పలేదు. నాకు దొరికితే చెరిపేస్తాననుకున్నాడు. అలా అనుకోవడంలో వాడి తప్పు లేదు. ఇన్‌స్టిట్యూట్ సొత్తు దాచినందుకు వాడి మీద మళ్ళీ విచారణ వెయ్యాలి. వెయ్యమని రాయాల్సింది నేనే కనుక రాయడం లేదు.

నవంబరు ఒకటో తారీఖు పొద్దున మెయిల్ బండిలో విజయవాడలో దిగుతాడు. బ్యాటరీలతో నడిచే మిషన్ నా పేరు మీద తీసి ఇస్తున్నాను. నన్ను రమ్మనకు. నేను రాలేను. పేర్లు తీసేసిన చేతులతో దానమ్మ ముందు ఎలా నిలబడను?

మీ అమ్మకు చెప్పు, పిన్ని మోకాళ్ళు తగ్గాయి. కోపంతో ఇల్లంతా తిరుగుతోంది, అందుకేనేమో.

జక్కయ్య


గుణదల
4 నవంబరు 1978

బాబాయి గారికి,

మీరు రాకపోవడం నాకు నచ్చలేదు. దానమ్మ కూడా అడిగింది, "ఆ మేష్టారు రాలేదేం?" అని. సిగ్గుపడుతున్నారని చెప్పాను. "సిగ్గుపడితే పడమను, ఇక్కడికొచ్చి పడమను" అంది. వచ్చే ఏడు మిమ్మల్ని నేనే తీసుకువెళతాను.

చూసింది. గురువారం పొద్దున తొమ్మిది గంటలు. సిలువ నీడ ఎడమకు ఉంది. దిబ్బ మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. పనులకు వెళ్ళినవాళ్ళలో పదిహేను మంది తిరిగొచ్చారు. తిరుపతిరావు గారు మిషన్ ఒక స్టూలు మీద పెట్టారు. నేను ఆయనకు క్షమాపణ చెబుదామని నోరు తెరిచేలోపు, "నీడల సంగతి మీరు బాగా పట్టుకున్నారండి" అన్నారు. ఆయన ముఖంలో వెటకారం లేదు. నేను తల దించుకున్నాను. నాన్నగారు కరకట్ట మీదే కూర్చున్నారు.

విన్నది. గాలి. మిషన్ బుర్రుమన్న చప్పుడు. తర్వాత దానమ్మ గొంతు, జనవరి నాటిది. "పుల్లయ్యా." ఒక క్షణం ఆగి, తనే, "ఆమేన్." "శౌరమ్మా. ఆమేన్." మూడో పేరు దగ్గర ఒక ముసలాయన ఉలిక్కిపడ్డాడు, ఆయన తమ్ముడి పేరు. ఈసారి ఆమేన్ అని ఆయన కూడా అన్నాడు, టేపులోని గొంతుతో కలిపి. అక్కడినుంచి ఎవరి పేరు వస్తే వాళ్ళు అన్నారు. ఎవరూ లేని పేర్లకు అందరూ అన్నారు. హనుమయ్య పేరు వచ్చినప్పుడు దానమ్మ నా వైపు చూసి కొంచెం నవ్వింది. మధ్యలో టేపులోనే తిరుపతిరావు గారి గొంతు: "అమ్మా, కాసేపు నీడకు రండి." దానమ్మ: "ఉండయ్యా, ఇంకా రావమ్మోళ్ళిల్లు అవలా." ఇది కూడా మీరు కోసేసే ఉంటారు.

నలభై ఒక్క పేర్లు. లెక్కపెట్టాను. ఎవరికీ విసుగు పుట్టలేదు.

నలభై ఒకటో పేరు తర్వాత టేపు తిరుగుతూనే ఉంది. గాలి తప్ప ఏమీ లేదు. అది ఎనిమిదో షాటని నాకు తెలుసు. ఇంకో పేరు వస్తుందేమోనని అందరూ ఎదురు చూస్తున్నారు. రాలేదు. తిరుపతిరావు గారు మిషన్ ఆపారు.

దానమ్మ నా దగ్గరకు వచ్చింది. "ఆ రోజు అడిగావు గదా, చివర్లో నోరెందుకు మూసుకున్నావని. అడిగినదానివి నువ్వొక్కదానివే. మా పిల్ల మిగిలిపోయింది. అందరినీ నేను పిలిచా, నా పిల్లని నేను పిలవకూడదు గదా. నువ్వు పిలువు."

ఏం పేరు అన్నాను. బుల్లెమ్మ అంది. తొమ్మిదేళ్ళు.

అలిసిపోయింది అని రాశాను నేను, మొదటి పేజీలో.

"బుల్లెమ్మా" అన్నాను.

"వినపళ్ళా" అంది దానమ్మ.

ఊపిరి తీసుకుని మళ్ళీ పిలిచాను. ఎంత గట్టిగా పిలిచానో నాకు తెలియదు. దూరంగా కరకట్ట మీద నాన్నగారు లేచి నిలబడ్డారు.

దానమ్మ ఆమేన్ అంది.

మార్త